తొమ్మిదో పెట్టె

అల్ ఐస్ దాటినంక
తారు రోడ్డు ఒక దగ్గర ఆగిపోతది.
అక్కడి నుంచి అంతా నల్లది. హర్రా అంటరు వీళ్లు.
నడిస్తే బూటు అట్ట నెలకే అరిగేంత గరుకు,
ఎవరో కుమ్మరి కోపంతోని
ఆవం మొత్తం పగలగొట్టిపోయినట్టు.

నా పని గుంతలు తవ్వుడు.
మోకాలు లోతు, మూరెడు వెడల్పు.
అందుల ఒక పెట్టె పెడతరు, భూమి నాడి చూసే పెట్టె.
మొత్తం పన్నెండు. తొమ్మిదోది కొండ మెడమీద.

కొండకు పైన నోరున్నది.
నోట్లె ఇసుక, ఎండిన తుమ్మకొమ్మ, ఒక మేక పుర్రె.
"చచ్చిపోయిన కొండ" అన్నడు డాక్టర్ ఫవాజ్,
టీ గ్లాసు దాని పెదవి మీదనే పెట్టి.

సుత్తెతోని ఒక దెబ్బ కొట్టిన.
వడ్డెర ఇంట్ల పుట్టినోనికి
రాయి సంగతి చెవిలకెల్లి తెలుస్తది.
కంచులెక్క మోగితే నిండు రాయి,
దగ్గినట్టు పలికితే లోపల పగులు.
ఇది మోగింది, దగ్గింది.

పగిలిన ముక్కల పచ్చని గింజలు,
పొట్టు తీయని పెసర్లు.
"ఇరవై కోసుల కిందికెల్లి వచ్చినయి" అన్నడు డాక్టర్.
నా ఊరు ఫోన్ల వెతికి,
"మీ జుక్కల్ దిక్కు నల్లరేగడి ఉన్నదే,
అదీ ఇట్లనే పారిన రాయి.
కోట్ల ఏండ్లకు మన్నయింది."

పత్తి ఏరి వచ్చిన అమ్మ
మడిమల పగుళ్లకెల్లి పుల్లతోని గీకి తీసేది
అదేనా?

వైశాఖంల మొదలైంది.
ముందుగాల గ్లాసుల నీళ్లకే తెలిసింది,
తర్వాత కిటికీలకు.
ఒక రాత్రి నలభై, తెల్లారేసరికి వంద.
కాగితం మీద గీత పోయి దువ్వెన వచ్చింది.

ఇద్రీస్‌ది సముద్రం అవతల, పోర్ట్ సూడాన్.
"ఎర్రసముద్రం ఏటేటా వెడల్పయితున్నది.
నేనొచ్చి ఎనిమిదేండ్లు.
నా ఇల్లు ఇంత దూరం జరిగింది" అని
నాలుగు వేళ్లు కలిపి చూపించిండు.
బెత్తెడు.
ఇద్దరం ఆ వేళ్ల దిక్కే చూసుకుంట కూసున్నం.

ఊరు ఊరంతా యాంబు తొవ్వ పట్టింది.
పికప్పులల్ల పరుపులు, గ్యాస్ బండలు,
పంజరంల పావురాలు, తలుపు మీది గడియారం.
అబూ నాయిఫ్ మాత్రం
ఒంటెలు ఎక్కలేదని తానూ ఎక్కలేదు.

తొమ్మిదో పెట్టెకు బ్యాటరీ అయిపోయింది.
నన్ను పంపిండ్రు.

నాయిన బావులు తవ్వెటోడు.
రాయిని తొలిచి, మందు కూరి,
ఒత్తి అంటించి ఉరుకుడు.
ఐదు పెడితే నాలుగే మోగిన నాడు
ఎవడూ దిగొద్దు.
"చల్లారింది తియ్యే" అని దిగిండు చిన్నాయన పోశెట్టి.
ఆయన రుమాలు ఇంకా పొగుస్తనే
సర్కారుతుమ్మకు వేలాడింది.
అప్పటి నుంచి నాయిన మాట ఒకటే:
పేలనిదాన్ని చచ్చింది అనొద్దు.
ఒక రాత్రి ఆగు.

కొండకు ఒక రాత్రి అంటే
ఎన్ని వేల ఏండ్లో.
డాక్టర్‌ను అడుగుదామనుకున్న, అడగలే.

పెట్టె పక్కన కొత్త పగులు.
నిన్న లేదు.
కొండచిలువ పోయిన జాడలెక్క
ఇసుకలకెల్లి రాళ్లలకు.
చెయ్యి పెట్టిన. వెచ్చగున్నది.
పొద్దటి ఎండదా, లోపలిదా?
ఉలి పట్టిన చేతికి కూడా తెలియలే.
అప్పుడే కాళ్ల కింద ఒకటి పోయింది,
నిద్రల పక్కకు తిరిగినంత.

ఆ కొండ పేలలే.
వానకాలం పోయేసరికి గీత సల్లబడ్డది.
ఊరు తిరిగొచ్చింది,
గడియారం తలుపు మీదికి ఎక్కింది.
నేను పన్నెండు గుంతలు మళ్ల సరిచేసిన.

జిద్దా ఆఫీసుల డాక్టర్ తెర చూపించిండు.
"ఇది ఆ దినం. ఈ పెద్దది భూకంపం.
దానికి ముందు చిన్న చిన్నయి ఉన్నయి చూడు, వరుసగ?
అది నువ్వు."

కొండ ఎక్కుతున్న నేను.
చెయ్యి పెట్టి నిలబడ్డ సేపు, ఖాళీ.
ఒక పెద్ద గుర్తు.
మళ్ల దిగుతున్న నేను, జర తొందరగ.

కుడికాలు కొంచెం బరువుగ పడతదట నాకు.